ఫిలిమోని చేతుల్లో తిమింగలం పన్ను

...అయినా మోగుతున్న ఫోను ఎత్తకపోవడం అబద్ధమాడటం కిందికి వస్తుందా అని ఉనైసి ఆలోచిస్తోంది. ఎత్తితే నిజం చెప్పాలి. ఎత్తకపోతే ఏమీ చెప్పక్కర్లేదు. ఏమీ చెప్పకుండా ఉండటం ఆమెకి ఉద్యోగంలో అబ్బిన విద్య. ఇన్నేళ్ళుగా సాగర దీవుల కూటమి విడుదల చేసిన ప్రకటనలన్నీ ఆమె చేత్తో రాసినవే. ప్రతి దేశమూ తనకి నచ్చిన అర్థం తీసుకునేలా వాక్యం కట్టడంలో సువా నగరంలో ఆమెని మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమెకి లోపల ఎక్కడో చిన్నగా సిగ్గేసేది. అందరూ ఒప్పుకునే వాక్యాన్ని నిజంగా కోరుకున్నవాళ్ళు ఎవరూ ఉండరని ఆమెకి తెలుసు.

చర్చికి తీసుకెళ్ళిన చేతిసంచిలో, కీర్తనల పుస్తకం పక్కన ఫోను మళ్ళీ గుర్రుమంది. కందావు దీవి నుంచి రోపతే మామయ్య. అమ్మకి అన్న. పోయినేడు ఆటు వేళ సముద్రం వెనక్కి తీసినప్పుడు పడవ దగ్గరికి నడిచి వెళ్తూ పగడపు బండల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్న మనిషి. ఊళ్ళో సిగ్నల్ అందేది బడి వెనక మెట్ట మీద మాత్రమే. అక్కడిదాకా ఎవరి భుజం పట్టుకుని ఎక్కాడో. పైగా ఈరోజు ఆదివారం. ఆదివారం పూట వలకి ముడి కూడా వేయని మామయ్య ఫోను చేస్తున్నాడంటే ఊరికి కడతామంటున్న రేవు గురించే అయి ఉంటుంది. రేవు గురించి మామయ్యకి ఏం చెప్పాలో ఆమెకి తెలియదు.

రేపు ఉదయం కూటమి నాయకులు సువాలో కూర్చుంటారు. ప్రపంచంలో కొత్తగా పెద్దవాళ్ళవుతున్న రెండు దేశాలతో ఈ దీవులన్నీ కలిసి ఎలా మెలగాలో చెప్పే పత్రం వాళ్ళ ముందుకి వెళ్తుంది. ఆ రెండింటికీ ఆఫీసులో అందరూ పెట్టిన పేరు కొత్త అల్లుళ్ళు. ఒక అల్లుడు రేవులు కడతానంటాడు, ఇంకో అల్లుడు ఆసుపత్రి ఓడలు పంపుతానంటాడు. ఎప్పటినుంచో పెద్దదేశాలుగా ఉన్న పాత అల్లుళ్ళు ఇద్దరూ ఏమీ తేకపోయినా, కొత్తవాళ్ళు గుమ్మంలోకి వచ్చిన దగ్గర్నుంచి తరచుగా వచ్చి యోగక్షేమాలు కనుక్కుంటున్నారు. పత్రం అంతా మర్యాదగానే ఉంది. నాలుగో పేరా తప్ప. బయటి దేశంతో రక్షణ ఒప్పందం ఏదైనా చేసుకునే ముందు కూటమిలో ఉన్న ప్రతి దేశానికీ తప్పనిసరిగా చెప్పాలని ఆ పేరా అంటుంది. అధికారులు వారమంతా కొట్టుకుని, తేలక, చివరికి ఉనైసి రేపు పొద్దున బల్ల మీద పెట్టిందే ఖరారు అని ఆమె మీదికి నెట్టేసి లేచిపోయారు.

ఆ పేరా తీసేయమని అడగడానికే రోపతే మామయ్య కొడుకు, ఫిలిమోని బావ వచ్చాడు. ఇంట్లోవాళ్ళు చర్చి నుంచి వచ్చి గొడుగులు ముడవకముందే, భుజాల మీంచి వాన కారుతూ, చెట్టుబెరడు బట్టలో చుట్టిన మూటతో గుమ్మంలో నిలబడి, ‘వైసాలే మామయ్యతో మాట్లాడాలి’ అన్నాడు. మూట ఆకారం చూడగానే లోపల ఏముందో ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

ఇప్పుడు ఫిలిమోని చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. రెండు చేతుల్లోనూ తిమింగలం పన్ను ఉంది. నూనె పట్టించి పట్టించి తేనెరంగుకి తిరిగిన పెద్ద తంబువా. దాని రెండు కొసలకీ కట్టిన కొబ్బరిపీచు తాడు అతని మణికట్ల మీంచి వేలాడుతోంది. చెప్పాల్సిన మాటలన్నీ పెద్దల పద్ధతిలో, గొంతు తగ్గించి, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. తను పనిచేసే ఎంబసీ, రేవులు కడతానన్న అల్లుడిది, వాళ్ళ తరఫున వచ్చానన్నాడు. వాళ్ళ మనసులో ఈ ఇంటి మీద గౌరవం ఉందన్నాడు. నాలుగో పేరాని ఈసారికి పక్కన పెట్టి, వచ్చే ఏటి సమావేశానికి వదిలేయమని కోరుతున్నామన్నాడు. మాట పూర్తయ్యాక తల వంచి పన్ను ముందుకి చాపాడు.

వైసాలే చిన్నాన్న ఇంటికి పెద్ద. నాన్న పోయాక ఆ చాప మీద పైచోటు ఆయనదే. పన్ను అందుకుంటే కోరిక మన్నించినట్టు. అందుకున్నాక కాదనడం అనేది లేదు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అని అందరూ అనుకున్నాక కళ్ళు తెరిచాడు.

“విన్నాను. బాగా చెప్పావు. మీ నాన్న కూడా ఇంత బాగా చెప్పలేడు.”

“మీ దయ మామయ్యా.”

“కానీ అడుగుతున్నది నా చేతిలో పని కాదు కదురా. కలం ఎవరిదైతే పన్ను వాళ్ళే అందుకోవాలి.” ఆయన చాప మీద పక్కకి జరిగి, ఉనైసి వైపు చేయి చూపించి, గోడకి ఆనుకున్నాడు. పెద్ద బరువు దించుకున్న మనిషిలా హాయిగా ఊపిరి వదిలాడు.

ఉనైసి కదల్లేదు. ఫిలిమోని కూర్చున్నచోటే ఆమె వైపు తిరిగాడు. పన్ను దించడానికి లేదు. తీసుకునేవాళ్ళు తీసుకునేదాకా, లేదా ఇది మా తాహతుకి మించిందని వెనక్కి పంపేదాకా, తెచ్చినవాడి చేతుల్లోనే ఉండాలి.

“ఆలోచించుకోనీ బావా,” అంది ఉనైసి.

“ఆలోచించుకో. నేనేం తొందరపెట్టడంలేదు,” అన్నాడు ఫిలిమోని.

కాసేపటికి అతని మోచేతులు వణకడం మొదలుపెట్టాయి.

అప్పుడు వంటింట్లోంచి కేలెరా వచ్చింది, ఉనైసి చెల్లెలు. పొద్దున చర్చికి వెళ్ళే ముందు వేడిరాళ్ళ గుంటలో పూడ్చిన చేమదుంపలూ చేపా తీసి పళ్ళెంలో పేర్చుకుని, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకు గిన్నె ఇంకో చేత్తో పట్టుకుని, ఒక్క చూపులో సంగతంతా అర్థం చేసుకుంది. బావ చేతులు కదపలేడు. ఇలాంటి రోజు కోసం ఆమె చాలా ఏళ్ళుగా ఎదురుచూస్తున్నట్టుంది.

“బావా, ముక్కు దురద పెడుతోందా?”

“లేదు.”

“ఇప్పుడు పెడుతుంది చూడు.”

ఫిలిమోని ముక్కు ఎగబీల్చాడు. చిన్నాన్న గోడ వైపు తిరిగి దగ్గాడు.

“చిన్నాన్నా, ఆకలేస్తోంది, భోంచేద్దాం. బావ పనిలో ఉన్నాడు. పాపం పెద్దదేశం ఉద్యోగి, ఆదివారం కూడా సెలవివ్వరు.”

“కేలెరా, నువ్వు ఊరుకో. ఇది పన్ను. ఆట కాదు.”

“నేను పన్నుని ఏమన్నాను? పన్నంటే నాకు గౌరవం. దాన్ని పట్టుకున్నవాడి గురించే.” చేమదుంప ముక్క తుంచి చేమాకులో ముంచి అతని నోటి దగ్గర పెట్టింది. “నోరు తెరు. చిన్నప్పుడు నా చేతిలోది లాక్కుని తినేవాడివిగా. ఇవాళ నేను పెడితేనే నీకు తిండి.”

ఫిలిమోని నోరు తెరవక తప్పలేదు. తిన్నాడు. ఇంకో ముక్క పెట్టింది. అదీ తిన్నాడు. కొబ్బరిపాలు గడ్డం మీదికి కారితే తుడవకుండా వదిలేసి, ఎలా ఉన్నాడో చూడమన్నట్టు అక్క వైపు చూసింది.

ఉనైసికి నవ్వొచ్చింది. నవ్వుతూనే, ఈ నవ్వు తనని ఎటు నెడుతోందో గమనించుకుంది. ఆఫీసులో ఎదుటివాడు కోపంగా వస్తే ఆమెకి బలం వస్తుంది. ఇక్కడ ఎదురుగా ఉన్నది కొబ్బరిపాలు కారుతున్న గడ్డం. చేపలు పట్టడం నేర్పిన మనిషి. ఆమె భర్త పోయినప్పుడు నెల రోజులు ఈ వరండాలోనే పడుకుని, ఓదార్పు మాట ఒక్కటీ చెప్పకుండా, రోజూ పొద్దున టీ పెట్టిచ్చిన మనిషి. ప్రేమించే మనిషి అడిగినప్పుడు కాదనడం ఎలాగో ఏ సమావేశమూ ఆమెకి నేర్పలేదు.

“ఉనైసీ,” అన్నాడు అతను, పెద్దల పద్ధతి వదిలేసి. “నా పందిపిల్లని ఎత్తుకుపోయిన రోజు ఇంత ఆలోచించావా నువ్వు?”

చిన్నాన్న పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు. మేనమామ ఇంట్లో మేనకోడలు చేయి వేసిన వస్తువల్లా ఆమెదే. అడగక్కర్లేదు, తిరిగివ్వక్కర్లేదు, బదులు ఏమీ చేయక్కర్లేదు. ఆ హక్కున్న మేనకోడలే వాసు. చిన్నపిల్లగా ఉన్నప్పుడు ఉనైసి ఆ హక్కుని మొదటిసారి వాడింది ఫిలిమోని పెంచుకుంటున్న మచ్చల పందిపిల్ల మీద. మెడకి తాడు కట్టి పడవ దాకా లాక్కెళ్ళింది. అతను ఒడ్డు పొడుగునా ఏడుస్తూ వెంటపడ్డాడు. రోపతే మామయ్య కొడుకుని చంకనెత్తుకుని, ‘వాసు తీసుకెళ్తుంటే ఏడవకూడదురా, నవ్వి పంపాలి’ అన్నాడు. ఏడుపు ఆపకుండానే నవ్వడానికి ప్రయత్నించిన ఆ పిల్లాడి మొహం ఆమెకి ఇప్పటికీ గుర్తుంది. కొంచెం అటూ ఇటూగా ఇప్పుడూ అలాగే ఉన్నాడు.

“ఆ పంది బాగా పెరిగింది బావా. మంచి చేతిలో పడింది,” అంది.

“క్రిస్మస్‌కి తిన్నారు దాన్ని.”

“నీకూ ఒక ముక్క పంపాం.”

“నేను తినలేదు,” అన్నాడు ఫిలిమోని. ఇన్నేళ్ళకి కూడా ఆ మాటలో నిజమైన బాధ ఉంది. కేలెరా జాలిపడి గడ్డం తుడిచింది.

ఉనైసి చాప మీద కొంచెం దగ్గరికి జరిగింది. “సరే, చెప్పు. నిజంగా చెప్పు. ఎంబసీవాళ్ళు నేర్పిన మాటలు కాదు. ఆ పేరా ఎందుకు పోవాలి?”

“రేవు కోసం.” అతను తల ఎత్తాడు. “నాన్న పడినప్పుడు నువ్వు లేవు. నేనున్నాను. తలుపు ఊడదీసి దాని మీద పడుకోబెట్టాం. నీళ్ళు లేవు, పడవ రాలేదు. మళ్ళీ పోటు వచ్చేదాకా ఆ బండల మీద ఎండలో నిలబడ్డాం. ఆయన అరవలేదు. పాటలు పాడమన్నాడు. ఊరంతా నిలబడి పాటలు పాడింది ఉనైసీ. ఆ పాటల్లో ఒక్కటి కూడా నేనిప్పుడు చర్చిలో పాడలేకపోతున్నాను.”

కేలెరా నీళ్ళ గ్లాసు నోటికి పెడితే రెండు గుక్కలు తాగి మళ్ళీ మొదలుపెట్టాడు.

“మన ప్రభుత్వాన్ని అడిగి అడిగి తాతలు పోయారు. పాత అల్లుళ్ళని అడిగితే మనుషులొచ్చి చూసి, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. ఇప్పుడు ఒకడు కడతానంటున్నాడు. సమావేశం అవ్వగానే మొదలుపెడతారు. వాళ్ళు అడిగేది ఒక్కటే. అందరినీ ఒకచోట కూర్చోబెట్టకుండా, ఎవరితో వాళ్ళు విడిగా మాట్లాడుకోనివ్వమని. అందులో తప్పేముంది? పెద్దవాళ్ళు పోటీ పడుతున్నన్ని రోజులే మనకి గిరాకీ. తర్వాత మన మొహం చూసేవాళ్ళుండరు.”

ఆ మాటలో నిజముందని ఆమెకి తెలుసు. చెప్పినవాడి మొహంలో ఇంకా ఎక్కువ నిజముంది.

“విడిగా వెళ్తే గిరాకీ మన సముద్రానికి బావా, మనకి కాదు,” అంది నెమ్మదిగా. “నెయ్ రోతియాని చూశావుగా, పోయిన నెల సమావేశంలో.”

పగడపు దీవుల నుంచి వచ్చిన ముసలి మంత్రి నెయ్ రోతియా. చెప్పులు విప్పేసి కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని సమావేశమంతా విసనకర్ర అల్లుకుంటూ కూర్చుంది. చివర్లో మాత్రం ఒక మాట అంది. మా దీవి మధ్యలో నిలబడితే అటూ ఇటూ సముద్రం కనిపిస్తుందమ్మా, ఎవరి యుద్ధఓడ వచ్చినా ముందు చూసేది మేమే, ఎందుకొచ్చిందో చివర తెలిసేదీ మాకే. అంతే. మళ్ళీ అల్లిక మొదలుపెట్టింది. ఆ రాత్రే ఉనైసి నాలుగో పేరా రాసింది. అర్థాలు దాచిపెట్టకుండా, అందరికీ నచ్చుతుందా అని చూడకుండా, తను కోరుకున్నది కోరుకున్నట్టు రాసిన మొదటి వాక్యం అది. రాశాక చాలాసేపు భయమేసింది. తర్వాత చిన్నపిల్లలా సంతోషమేసింది. అది ఇప్పుడు తీసేయడమంటే తన నోటిని మళ్ళీ తనే మూసుకోవడం.

“ఆవిడకేం పోయింది?” అన్నాడు ఫిలిమోని. “ఆవిడ దీవికి రేవుంది.”

“ఉంది. మన మామయ్యకి లేదు. తెలుసు.”

“తెలిస్తే మరి?”

“తెలియడం వల్లే కదా ఇంతసేపు.”

“ఉనైసీ, నా చేతులు పడిపోతున్నాయి.”

“దిండు పెట్టనా బావా?” అంది కేలెరా.

“దిండు పెడితే దించినట్టే లెక్క,” అన్నాడు చిన్నాన్న గోడ దగ్గర్నుంచి. “నేను మా అత్తవారింట్లో భోజనాలయ్యేదాకా పట్టుకున్నాను. మీ పిన్నిని ఇవ్వడానికి వాళ్ళకి అంత ఇష్టం లేదు.”

“ఇచ్చాక మీకు అర్థమైంది ఎందుకో,” అంది పిన్ని వంటింట్లోంచి.

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఫిలిమోని చేతులు ఒక్కసారి ఊగి, తాడు ఊగింది. ఉనైసి ఆ తాడు వైపు చూసింది.

పీచు తాడు, పాతది. ఒకచోట తెగితే ఎవరో ముడి వేసి, ఆ ముడి జారకుండా వల దారంతో చుట్టారు. ఆకుపచ్చ నైలాను దారం. చుట్లు బిగుతుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా ఉన్నాయి. చివర్లో దారం కొస లోపలికి దోపి, పళ్ళతో కొరికినట్టు చదునుగా ఉంది.

ముందు ఆమె చేతికి తెలిసింది. తర్వాతే బుద్ధికి. ఈ ఇంటి వరండాలోనే అమ్మ కాళ్ళు చాపుకుని, దారం కొస నోట్లో పెట్టుకుని, పక్కన కూర్చున్న పిల్ల చేతికి తాడు రెండో కొస ఇచ్చి, ‘గట్టిగా పట్టుకో, వదలకు’ అంది. పట్టుకున్న పిల్ల ఉనైసి. ఆ పన్ను ఎన్నో ఏళ్ళు ఈ గోడకే వేలాడింది. అమ్మ పోయిన రోజు, ఆడపడుచుని ఇచ్చినవాళ్ళకి ఇవ్వాల్సిన మర్యాదగా, చిన్నాన్న దాన్ని దించి రోపతే మామయ్య చేతుల్లో పెట్టాడు.

“బావా, ఈ పన్ను ఎక్కడిది?”

“ఎంబసీ తరఫున అని చెప్పానుగా.”

“ఎవరి తరఫునో కాదు. ఎక్కడిది?”

ఫిలిమోని కళ్ళు దించుకున్నాడు. కేలెరా కూడా వంగి చూసింది. చూసి, చేతిలోని ముక్క పళ్ళెంలో పెట్టేసింది.

“వాళ్ళు కొనిచ్చారు,” అన్నాడు చివరికి. “మార్కెట్ దగ్గర దుకాణంలో. మంచిదే, నున్నగా, కొత్త తాడుతో. కారులో పెట్టుకుని ఇక్కడిదాకా వచ్చాను కూడా, మొన్న శుక్రవారం. మీ వీధి మలుపు దగ్గర ఆగిపోయాను.” అతను ఊపిరి తీసుకున్నాడు. “మేనత్త ఇంటికి కొట్లో కొన్న పన్ను పట్టుకుని ఎలా వస్తాను? నీ ముందు కూర్చుని ఎలా చాపుతాను? అది వాళ్ళకి తిరిగిచ్చేసి, శనివారం ఓడెక్కి ఊరెళ్ళి మా గోడ మీద ఉన్నది తెచ్చాను.”

“మామయ్యని అడిగావా?”

“పడుకుని ఉన్నాడు.”

“అడగలేదన్నమాట.”

“లేపడం ఎందుకని.”

చిన్నాన్న గోడ దగ్గర్నుంచి నిటారుగా లేచి కూర్చున్నాడు. ఉనైసి వైపు చూశాడు. ఆమె మనసులో తిరుగుతున్నదే ఆయన మనసులోనూ తిరుగుతోందని ఆమెకి అర్థమైంది.

దుకాణం పన్ను తెచ్చుంటే దారి ఉండేది కాదు. అందుకుంటే కట్టుబడాలి, పంపేస్తే బావని గుమ్మంలోంచి పంపేసినట్టు. కానీ ఇది మేనమామ గోడ మీది వస్తువు. మేనకోడలు దాని మీద చేయి వేస్తే అది కోరిక మన్నించడం కాదు. పందిపిల్లని తీసుకెళ్ళడం లాంటిదే.

ఇన్ని పద్ధతులు తెలిసినవాడికి ఇది తెలియదా? వాక్యంలో ఒక్క మాట పొల్లుపోని మనిషి ఈ పొరపాటు ఎలా చేశాడు? ఉనైసి అతని మొహంలో వెతికింది. రేవు కావాలని అతను నిజంగానే కోరుకుంటున్నాడు. ఆమె కాదనాలనీ కోరుకుంటున్నాడేమో, తనకే తెలియకుండా. మనిషి లోపల రెండు కోరికలున్నప్పుడు నోరు ఒకటి పలుకుతుంది, చేతులు రెండోదాన్ని మోసుకొస్తాయి. లేదా అదేం లేదేమో. మేనత్త మీద ప్రేమతో దుకాణం పన్ను తేలేకపోయాడు, అంతే. ఏదైనా ఆమెకి ఒకటే. ఇంత ప్రేమగా తప్పు చేయడం ఈ ఊళ్ళో ఇంకెవరికీ చేతకాదు.

“బావా.”

“చెప్పు.”

“ఇది నేను అందుకోవడంలేదు. తీసుకుంటున్నాను.”

అతను ఒక్క క్షణం అర్థంకానట్టు చూశాడు. తర్వాత అర్థమైంది. ఒడ్డున పరిగెత్తిన పిల్లాడి మొహం నెమ్మదిగా పైకి తేలింది.

“ఉనైసీ...”

“మామయ్య ఇంట్లోది. నాకు కావాలి.” ఆమె ముందుకి వంగి, రెండు చేతులతోనూ కాదు, చిన్నప్పుడు తాడు కొస పట్టుకున్నట్టు ఒక్క చేత్తో ఆకుపచ్చ ముడి దగ్గర పట్టుకుని పన్నుని అతని చేతుల్లోంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. “నాలుగో పేరా ఉంటుంది. రేవు కూడా అడుగుతాను. రేపు, నాయకుల ముందు, మామయ్య ఊరి పేరు చెప్పి అడుగుతాను. ఇస్తారో లేదో తెలియదు. ఇవ్వకపోతే ఆ పాపం నాది. నేనే వెళ్ళి ఆయనకి చెప్తాను.”

చిన్నాన్న అరచేతులు గిన్నెల్లా వంచి మూడుసార్లు బోలుగా చప్పట్లు కొట్టాడు. పని అయిపోయిందని అర్థం.

ఫిలిమోని చేతులు ఇంకా గాల్లోనే ఉన్నాయి. దించడం మరిచిపోయినట్టున్నాడు. కేలెరా వాటిని ఒక్కొక్కటిగా పట్టుకుని కిందికి దించి, మోచేతుల దగ్గర పిసికింది.

“వాసు తీసుకెళ్తుంటే ఏం చేయాలి బావా?” అంది ఉనైసి.

“నవ్వాలి,” అన్నాడతను. కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా నవ్వాడు. ఈసారి కొంచెం బాగానే నవ్వాడు. “రేపు ఎంబసీలో నా పని అయిపోయింది. సిగ్గుతో చస్తాను.”

“చచ్చే ముందు తిను,” అంది కేలెరా. “ఇక నీ చేత్తో నువ్వే.”

అతను పళ్ళెం మీదికి వంగాడు. ఉనైసి పన్ను మీద బొటనవేలితో రాస్తూ కూర్చుంది. గెలిచినట్టు లేదు. మామయ్య తుంటి, ఎండలో పాటలు, అవి ఎక్కడికీ పోలేదు. కానీ భయం పోయింది. ఇన్నేళ్ళలో మొదటిసారి తను అన్న మాటకి ఒకటే అర్థం ఉంది.

చేతిసంచిలో ఫోను మళ్ళీ గుర్రుమంది. ఈసారి ఎత్తింది.

“మామయ్యా.”

“ఎంతసేపమ్మా.” గాలి హోరు మధ్య ముసలి గొంతు. “పొద్దుటినుంచీ ఈ మెట్ట మీద కూర్చోబెట్టారు నన్ను. కొంగలా ఉన్నాను.”

“క్షమించు మామయ్యా. నీ ఇంట్లో వస్తువు ఒకటి తీసుకున్నాను. అడక్కుండా.”

“గోడ మీది పన్నేనా?” ఆయన దగ్గుతో కలిపి నవ్వాడు. “తీసుకో తల్లీ. మీ అమ్మ చేతి ముడి ఉంది దానికి, నీ దగ్గరే ఉండాలి. ఆ వెధవ నిన్న పిల్లిలా నడిచి దించాడు. నాకు విరిగింది తుంటి, చెవులు కాదు. నేను ఫోను చేసింది దాని గురించి కాదు.”

“మరి?”

“పడవ వచ్చిందమ్మా. పొద్దున చర్చి గంట కొట్టకముందే. పెద్ద పడవ, ఎంబసీ వాళ్ళ మనుషులు. ఆదివారమని చెప్పినా వినలేదు. బండల మీద కొలతలు వేస్తున్నారు, చర్చి గుమ్మానికి ఎదురుగా ఎర్రగుడ్డల కర్రలు పాతారు. ఎవరి అనుమతి అంటే నీ పేరు చెప్పారు.”

“నా పేరా?”

“ఉనైసి పన్ను అందుకుంది, ఆ పేరాయేదో పోయింది, సువాలో అంతా అయిపోయింది అన్నారు. ఊరంతా నా మొహం చూస్తోంది. నువ్వు నిజంగా అన్నావా తల్లీ? అంటే సరే, నేను ఏమీ అనను. ఒక్క మాట నీ నోటితో చెప్పు.”

ఉనైసి ఒళ్ళోకి చూసుకుంది. పన్ను ఇంకా ఫిలిమోని అరచేతుల వేడితో ఉంది. పొద్దున చర్చి గంట కొట్టేసరికి అది మూటలోనే ఉంది. తను ఇంకా ఈ గదిలోకే రాలేదు.

ఫిలిమోని తింటూ తింటూ తల ఎత్తాడు. ఎవరు అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. మూతి చుట్టూ కొబ్బరిపాలు. ఆ మొహంలో ఏమీ దాచినట్టు లేదు. లేదా ఆమె ప్రేమ వల్ల ఏమీ కనిపించడంలేదు.

అతని చేతులు ఇప్పుడు ఖాళీగానే ఉన్నాయి. “నేను అనలేదు మామయ్యా. ఎవరన్నారో నీ కొడుకుని అడుగు,” అని ఉనైసి చాప మీదుగా చేయి చాపి, ఫోను వాటిలో పెట్టింది.